గళ్ళపటం – దృష్టిరేఖ: సొంతంగా రూపొందించుకొనే యుద్ధక్రీడల్లో దూర, దర్శన నియమాలు

వ్యాససంగ్రహం

బల్లపై ఆడే యుద్ధక్రీడల్లో రణభూమిని గళ్ళుగా విభజించడం లెక్కను సులభం చేస్తుంది. అయితే ఆ విభజనతోపాటే దూరాన్ని ఎలా లెక్కించాలి, ఒక దళానికి మరొక దళం కనబడుతుందా అన్న ప్రశ్నలకు సమాధానాలు కూడా చాలావరకు స్థిరపడిపోతాయి. ఆటను స్వయంగా తయారుచేసుకొనేవారు ఈ విషయాన్ని తరచుగా ఆట మధ్యలో, వివాదం తలెత్తినప్పుడు గుర్తిస్తారు. చతురస్రపు గళ్ళు, షడ్భుజి గళ్ళు, ఇటుక వరుస గళ్ళు అనే మూడు అమరికల్లో దూరం ఎంతమేరకు వక్రీకరణకు గురవుతుందో, దృష్టిరేఖను ఏ నియమంతో నిర్ణయిస్తే ఇరుపక్షాలకూ ఒకే ఫలితం వస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: యుద్ధక్రీడ, గళ్ళపటం, షడ్భుజి గడి, కర్ణదూరం, దృష్టిరేఖ, సౌష్ఠవం, అడ్డంకి.

1. ఉపోద్ఘాతం

గళ్ళపై ఆడే ఆటలు మనకు కొత్తవి కావు. అష్టాచెమ్మాలో గవ్వల పందెం ప్రకారం పావు ఒక గడి నుండి మరొక గడికి సాగుతుంది. పులిజూదంలో పావులు గడి లోపల కాక, గీతలు కలిసే బిందువులపై నిలుస్తాయి. ఈ రెండు పద్ధతులూ నేటి యుద్ధక్రీడల్లోనూ ఉన్నాయి. కొన్ని ఆటలు భూమిని గళ్ళుగా విభజిస్తే, మరికొన్ని ఊళ్ళను బిందువులుగా, దారులను గీతలుగా చూపుతాయి. అయినా మన సంప్రదాయ క్రీడలకూ యుద్ధక్రీడకూ ఒక మౌలికమైన తేడా ఉంది. పులిజూదంలో పులి ఎక్కడుందో మేకలవైపు ఆడేవారికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. యుద్ధక్రీడలో ‘చూడగలగడం’ ఒక శక్తి. అది లేని దళం ఎదుటివారిపై కాల్పులు జరపలేదు.

చదరంగంలో ఈ భావనకు బీజరూపం కనిపిస్తుంది. ఏనుగు దారిలో మరొక పావు ఉంటే దానిని దాటి పోలేదు, గుర్రం దాటగలదు. అంటే ‘అడ్డం’ అనే భావన అక్కడే ఉంది. కాని చదరంగపు గీతలు నిలువు, అడ్డం, కర్ణం అనే దిశలకే పరిమితం. ఫిరంగి ఏ దిశలోనైనా గురిపెట్టగలదు. 64 గళ్ళ క్రమశిక్షణను ఏ కోణానికైనా విస్తరింపజేయవలసి వచ్చినప్పుడే ఈ వ్యాసంలో చర్చించే సమస్య మొదలవుతుంది.

2. చారిత్రక నేపథ్యం: మధ్యవర్తి నుండి గడి వరకు

జర్మనీలో హెల్విగ్ 1780లో ప్రచురించిన యుద్ధక్రీడ చదరంగానికి విస్తరణ. అందులో గళ్ళకు వేసిన రంగులు భూస్వరూపాన్ని తెలిపేవి. ఆ తరువాత ప్రష్యా సైన్యంలో మరొక మార్గం ఏర్పడింది. రైస్విట్స్ 1824లో రూపొందించిన ‘క్రీగ్‌స్పీల్’ గళ్ళను విడిచిపెట్టి, 1:8000 ప్రమాణంలో గీసిన భూపటాలను ఆశ్రయించింది. దూరాన్ని కొలబద్దతో కొలిచేవారు. ఎవరికి ఎవరు కనబడతారన్నది మధ్యవర్తి తేల్చేవాడు. ప్రత్యర్థికి కనబడని దళాన్ని పటంపై ఉంచేవారే కాదు. అనుభవజ్ఞుడైన అధికారి మధ్యవర్తిగా ఉన్నంతకాలం దృష్టిరేఖకు వివరమైన లిఖిత నియమం లేకపోయినా ఆట సాగేది.

హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో మధ్యవర్తికి బదులు ఒక పనిముట్టు ఉంది. స్ప్రింగుతో పనిచేసే బొమ్మ ఫిరంగి నిజంగానే చిన్న చెక్కముక్కను విసురుతుంది. బొమ్మకు తగిలితే తగిలినట్టు, మధ్యలో బొమ్మ ఇల్లు అడ్డుపడితే అడ్డుపడినట్టు. దృష్టిరేఖ నియమం చేయవలసిన పనిని ఇక్కడ వస్తువే చేసిపెట్టింది.

అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో విడుదల చేసిన ‘టాక్టిక్స్’ చతురస్రపు గళ్ళపై ఆడే ఆట. ఆయన స్థాపించిన అవలాన్ హిల్ సంస్థ 1961 నాటికి షడ్భుజి గళ్ళను ప్రవేశపెట్టింది. లోహపు బొమ్మలతో ఆడేవారిలో జోసెఫ్ మోర్షౌసర్ 1962లో వెలువరించిన పుస్తకంలో గళ్ళబల్లపై ఆడే పద్ధతిని ప్రతిపాదించాడు. ఇద్దరే ఇంట్లో కూర్చుని ఆడుకొనే ఆటలో మధ్యవర్తి ఉండడు; విసిరే ఫిరంగీ ఉండదు. వారు నమ్ముకోగలిగినది ముందే రాసుకొన్న నియమం ఒక్కటే. కొలబద్దతో ఆడే ఆటలో వివాదం ప్రతి ఎత్తులోనూ పుట్టవచ్చు. గళ్ళపటం ఆ వివాదాన్ని ఆటకు ముందు జరిగే నియమరచనలోకి మళ్ళిస్తుంది. అందువల్ల నియమరచయిత బాధ్యత పెరుగుతుంది.

3. గడి ఆకృతి – దూరపు వక్రీకరణ

3.1 చతురస్రపు గళ్ళు

చతురస్రపు గళ్ళపటాన్ని గీయడం అత్యంత సులభం. చిక్కంతా కర్ణంతోనే. గడి భుజాన్ని 1గా తీసుకుంటే మూల నుండి మూలకు కర్ణం 1.414 ఉంటుంది. కర్ణంగా కదలడాన్నీ ఒక గడిగానే లెక్కిస్తే, 10 గళ్ళు కదిలిన దళం నిజానికి 14.14 గళ్ళ దూరం వెళుతుంది. అంటే మూలలవైపు సాగే సేనకు నియమమే 41 శాతం అదనపు వేగాన్ని ఇస్తుంది. కర్ణ చలనాన్ని పూర్తిగా నిషేధిస్తే దోషం ఎదురు దిశకు మళ్ళుతుంది, అదే 14.14 గళ్ళ దూరానికి 20 గళ్ళు లెక్కించవలసి వస్తుంది.

మధ్యేమార్గంగా ‘పొడవైన వైపు గళ్ళకు, పొట్టి వైపు గళ్ళలో సగం కలపాలి’ అనే సూత్రం ఉంది. లక్ష్యం కుడికి 10, పైకి 10 గళ్ళ దూరంలో ఉంటే లెక్క 15. వాస్తవ దూరం 14.14, దోషం 6 శాతం. కుడికి 10, పైకి 5 ఉంటే లెక్క 12.5, వాస్తవం 11.18, దోషం సుమారు 12 శాతం. ఈ సూత్రంలో దోషం ఇంతకు మించదు. ఆడేటప్పుడు ‘మొదటి కర్ణానికి ఒకటి, రెండవ కర్ణానికి రెండు’ అని మార్చి మార్చి లెక్కించినా దాదాపు ఇదే ఫలితం వస్తుంది.

3.2 షడ్భుజి గళ్ళు

షడ్భుజి గడికి ఆరు పొరుగు గళ్ళుంటాయి. ఆరింటి కేంద్రాలూ సమదూరంలో ఉంటాయి. అందువల్ల షడ్భుజి పటంలో దూరదోషమే ఉండదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఇది పూర్తిగా సరికాదు. గళ్ళ వరుస వెంట సాగినప్పుడు లెక్క కచ్చితంగా ఉంటుంది. వరుసలకు అడ్డంగా సాగినప్పుడు మాత్రం రెండు గళ్ళ లెక్కకు 1.732 గళ్ళ దూరమే గడుస్తుంది. 10 గళ్ళు లెక్కించిన దళం 8.66 గళ్ళ దూరమే వెళ్ళగలుగుతుంది. అంటే లెక్క వాస్తవ దూరాన్ని 15 శాతానికి పైగా మించుతుంది. కేవలం దూరం విషయంలో చూస్తే, ‘సగం కలిపే’ సూత్రంతో కూడిన చతురస్ర పటం షడ్భుజి పటానికంటే కాస్త మెరుగే.

షడ్భుజి గడి అసలు ప్రయోజనం సాన్నిహిత్యంలో ఉంది. దాని పొరుగు గళ్ళన్నీ ఒక భుజాన్ని పంచుకొంటాయి. చతురస్రంలో నాలుగు పొరుగు గళ్ళు భుజం వద్ద, మరో నాలుగు కేవలం మూల బిందువు వద్ద తాకుతాయి. మూలల్లో ఎదురైన దళాలు పోరాడవచ్చా, మూలమూలగా నిలిచిన రెండు శత్రుదళాల నడుమ నుండి మూడవ దళం జారుకోవచ్చా అన్న సందేహాలు షడ్భుజి పటంలో తలెత్తవు.

3.3 ఇటుక వరుస గళ్ళు

చేతితో షడ్భుజులు గీయడం శ్రమతో కూడిన పని. గోడలో ఇటుకలు పేర్చినట్లు, ఒక్కో వరుసను సగం గడి మేర జరిపి దీర్ఘచతురస్రాలు గీస్తే ఆ సాన్నిహిత్యమే లభిస్తుంది. ఇక్కడా ప్రతి గడికి ఆరు పొరుగు గళ్ళు. కొలతలను సరిగా ఎంచుకొంటే కేంద్రాల దూరాలూ దాదాపు సమానమవుతాయి. గడి వెడల్పు 4 సెం.మీ., ఎత్తు 3.5 సెం.మీ. తీసుకొందాం. ఒకే వరుసలోని పొరుగు కేంద్రం 4 సెం.మీ. దూరంలోనూ, పై వరుసలోని పొరుగు కేంద్రం 4.03 సెం.మీ. దూరంలోనూ ఉంటాయి. తేడా ఒక శాతం లోపే. 56 సెం.మీ. వెడల్పు, 70 సెం.మీ. పొడవు ఉన్న కాగితంపై ఇలాంటివి 20 వరుసలు వస్తాయి. వరుస విడిచి వరుసలో 14, 13 పూర్తి గళ్ళ చొప్పున మొత్తం 270 గళ్ళు లభిస్తాయి. స్కేలు, పెన్సిలు తప్ప మరే పరికరమూ అక్కరలేదు.

4. దృష్టిరేఖ: సౌష్ఠవమే ప్రథమ నియమం

దూరంలో దోషం ఉన్నా అది సాధారణంగా ఇరుపక్షాలకూ సమానంగానే వర్తిస్తుంది. దృష్టిరేఖలో దోషం అలా కాదు. అది ఒక పక్షానికి తుపాకి ఇచ్చి, మరొక పక్షం చేతులు కట్టివేయగలదు. కింది ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది.

చతురస్ర పటంపై ‘క’ దళం (0,0) గడిలోనూ, ‘గ’ దళం కుడికి 4, పైకి 2 దూరంలో ఉన్న (4,2) గడిలోనూ ఉన్నాయనుకొందాం. నియమం ఇలా రాసి ఉంది: ‘నిలువు వరుసకు ఒక గడి చొప్పున, రేఖకు దగ్గరగా ఉన్న గడిని ఎంచుతూ లక్ష్యం వరకు లెక్కించాలి, రెండు గళ్ళు సమానంగా దగ్గరైతే లక్ష్యం ఉన్న వైపు గడిని తీసుకోవాలి.’ చదవడానికి ఇందులో లోపమేమీ కనిపించదు. ‘క’ వైపు నుండి లెక్కిస్తే దారి (1,1), (2,1), (3,2). ‘గ’ వైపు నుండి లెక్కిస్తే (3,1), (2,1), (1,0). ఇప్పుడు (1,1)లో ఒక తోపు ఉందనుకొంటే ‘క’కు ‘గ’ కనబడదు. ‘గ’కు మాత్రం ‘క’ కనబడుతుంది. ఒకరు నిర్భయంగా కాల్చవచ్చు, రెండవవారు బదులు చెప్పలేరు. ఈ అన్యాయానికి భూస్వరూపం కారణం కాదు, ‘సమానమైతే’ అన్న ఒక్క వాక్యమే కారణం.

దీనిని సవరించడానికి రెండు మార్గాలున్నాయి.

(అ) కఠిన నియమం: కేంద్రం నుండి కేంద్రానికి గీసిన రేఖ ప్రవేశించే ప్రతి గడీ లెక్కలోకి వస్తుంది. వాటిలో ఏ ఒక్కదానిలో అడ్డంకి ఉన్నా చూపు ఆగుతుంది.

(ఆ) ఉదార నియమం: నిలువు వరుసకు రేఖకు అతి సమీపంలోని ఒక్క గడినే తీసుకోవాలి. రెండు గళ్ళు సమానంగా దగ్గరైతే, రెండింటిలోనూ అడ్డంకి ఉన్నప్పుడే చూపు ఆగుతుంది. రేఖ అడ్డంకంటే నిలువుగా ఎక్కువ సాగితే అడ్డు వరుసలవారీగా లెక్కించాలి.

రెండింటిలోనూ ఏ కొస నుండి లెక్కించినా ఫలితం ఒకటే. ఏది ఎంచుకోవాలన్నది ఆట స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. (0,0) నుండి (5,2) వరకు గీసిన రేఖ కఠిన నియమంలో మధ్యనున్న 6 గళ్ళను తాకుతుంది. ఉదార నియమంలో 4 గళ్ళే లెక్కకు వస్తాయి. పటంపై తోపుల సంఖ్య మారకపోయినా కఠిన నియమం కింద రణభూమి మరింత దట్టంగా అనిపిస్తుంది. కాల్పులకన్నా దగ్గరి పోరుకు ప్రాధాన్యమున్న ఆటకు కఠిన నియమం, ఫిరంగుల ఆటకు ఉదార నియమం తగినవి. ఉదార నియమంలో ఒక జాగ్రత్త అవసరం. మూలమూలగా తాకే రెండు తోపుల నడుమ నుండి చూపు కర్ణంగా దూరిపోతుంది. అలా దూరకూడదనుకొంటే ఆ సంగతిని విడిగా రాసుకోవాలి.

షడ్భుజి, ఇటుక వరుస పటాల్లో ఈ సందిగ్ధత మరొక రూపంలో ఎదురవుతుంది. సరిగ్గా రెండు వరుసల పైనున్న గడికి గీసిన రేఖ మధ్య వరుసలోని రెండు గళ్ళ ఉమ్మడి భుజం వెంట సాగుతుంది. అక్కడా పై రెండు సూత్రాల్లో ఒకదానిని ముందే ఎంచుకోవాలి.

మూడవ మార్గం కూడా ఉంది. జాన్ హిల్ రూపొందించిన ‘స్క్వాడ్ లీడర్’ (1977) ఆటలో గడి కేంద్రాల నడుమ దారం పట్టి చూస్తారు. దారం ఏ గడిని తాకిందన్నది అక్కడ ప్రధానం కాదు. పటంపై చిత్రించిన భవనాన్ని తాకిందా అన్నదే ముఖ్యం. నిలిచే చోటుకు గడి, చూపుకు చిత్రం ప్రమాణాలుగా పనిచేస్తాయి. ఇది కచ్చితమైనదే కాని, ముద్రిత పటం ఉన్నప్పుడే చక్కగా నడుస్తుంది. చేతితో గీసిన పటంలో చెట్టు అంచు ఎక్కడ ముగిసిందన్నదే కొత్త వివాదమవుతుంది. సొంత ఆటకు ‘గడిలో తోపు ఉంటే గడి అంతా తోపే’ అన్న సూత్రం క్షేమకరం.

5. ఎత్తుపల్లాలు: సరూప త్రిభుజాల సాయం

కొండపై నుండి చూసే దళానికి తోపు ఆవల ఎంతమేర కనబడదు? ఈ ప్రశ్నకు చాలా ఆటలు పెద్ద పట్టికలతో జవాబు చెబుతాయి. సరూప త్రిభుజాల సూత్రం దానిని ఒక్క వాక్యంలో ఇముడుస్తుంది. చూసేవారి ఎత్తు అడ్డంకి ఎత్తుకు n రెట్లనీ, అడ్డంకి వారికి d గళ్ళ దూరంలో ఉందనీ అనుకొందాం. సమతలంపై అడ్డంకి వెనుక కనబడని గళ్ళ సంఖ్య d ÷ (n−1).

ఉదాహరణకు తోపు ఎత్తు 1, కొండ ఎత్తు 2, తోపు 3 గళ్ళ దూరంలో ఉంటే దాని వెనుక 3 గళ్ళు మరుగున పడతాయి. కొండ ఎత్తు 3 అయితే మరుగు ఒకటిన్నర గళ్ళకు తగ్గుతుంది. రెండు ఎత్తులూ సమానమైతే n−1 సున్నా అవుతుంది. మరుగుకు అంతమే ఉండదు, అంటే తోపు ఆవల ఏదీ కనబడదు. ఒక అంతస్తు తోపులు, రెండు అంతస్తుల కొండలు మాత్రమే ఉన్న పటానికి ఈ సూత్రాన్ని మరింత సరళంగా చెప్పవచ్చు: ‘అడ్డంకి మీ కంటే లక్ష్యానికి దగ్గరగా ఉన్నా, సరిగ్గా మధ్యలో ఉన్నా లక్ష్యం కనబడదు.’ కొలత అవసరం లేకుండా గళ్ళు లెక్కిస్తే చాలు. లోయలోని దళం కొండపైకి చూసినా ఇదే లెక్క వర్తిస్తుంది కనుక సౌష్ఠవమూ నిలుస్తుంది.

6. గడి ప్రమాణం, ఎత్తుల క్రమం

గడి ఎంత నేలను సూచిస్తుందన్నదాన్ని బట్టి దృష్టిరేఖ అర్థం మారుతుంది. ‘స్క్వాడ్ లీడర్’లో గడి 40 మీటర్లు, అక్కడ ఒక ఇల్లు గడిని నింపగలదు. 1970లో వచ్చిన ‘పాంజర్‌బ్లిట్జ్’లో గడి 250 మీటర్లు. అంత విశాలమైన గడిలో దళం ఏ మూల దాగి ఉందో పటం చెప్పలేదు. అందుకే ఆ ఆటలో అడవిలో లేదా ఊరిలో ఉన్న దళంపై కాల్పులు జరపాలంటే కాల్చే పక్షానికి చెందిన దళమొకటి పక్క గడిలో ఉండాలన్న నియమం పెట్టారు.

విడిగా చూస్తే అది సమంజసమైన నియమమే. కాని ఆ ఆటలో ఒక పక్షం కదులుతున్నంతసేపు రెండవ పక్షం చూస్తూ ఊరుకోవాలి. ఫలితంగా ట్యాంకులు ఒక అడవి నుండి బయలుదేరి, బయలు ప్రదేశాన్ని దాటి, మరొక అడవిలో చేరి ఎత్తు ముగించగలిగేవి. దారిలో అవి కనబడినా కాల్చే అవకాశం ఎదుటివారికి దక్కేది కాదు. ఆటగాళ్ళు ఈ ఎత్తుగడకు వెక్కిరింతగా ‘పాంజర్‌బుష్’ అని పేరు పెట్టారు. 1974లో వచ్చిన ‘పాంజర్ లీడర్’లో, కదులుతున్న శత్రువుపై మధ్యలోనే కాల్చే వీలు కల్పించారు. ఎవరు ఎవరిని చూడగలరన్న నియమం ఎంత చక్కగా ఉన్నా, ఎప్పుడు చూడగలరన్నది దానితో పొసగకపోతే అది వ్యర్థమని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

7. నియమాన్ని పరీక్షించే విధానం

నియమాన్ని రాసిన వ్యక్తి దాని లోపాన్ని చూడటం కష్టం. రాసేటప్పుడు మనసులో ఉన్న ఉద్దేశం వాక్యంలోని ఖాళీలను నింపేస్తుంది. కాబట్టి ఆటకు ముందు ఈ క్రింది పరీక్షలు జరపడం మంచిది.

i. పటంపై 20 గళ్ళ జతలను యాదృచ్ఛికంగా ఎంచాలి. ఇద్దరు వ్యక్తులు ఎదురెదురు కొసల నుండి, ఒకరి జవాబు మరొకరికి తెలియకుండా, ‘కనబడుతుంది’ లేదా ‘కనబడదు’ అని రాయాలి. ఒక్క జతలో తేడా వచ్చినా నియమాన్ని తిరగరాయాలి.

ii. యాదృచ్ఛిక ఎంపికలో సందిగ్ధ రేఖలు తప్పిపోవచ్చు. అందువల్ల భుజం వెంట సాగేవి, మూల బిందువు గుండా పోయేవి, రెండు గళ్ళకు సమదూరంలో ఉండేవి ప్రత్యేకంగా ఎంచి చూడాలి.

iii. చూసే దళం, లక్ష్యం ఉన్న గళ్ళలోని తోపును అడ్డంకిగా లెక్కించాలా వద్దా అన్నది రాసి ఉండాలి. కొత్త ఆటల్లో తరచుగా విస్మరణకు గురయ్యే అంశమిది.

iv. గురి ప్రకటించకముందే రేఖను సరిచూడవచ్చా అన్నది తేల్చుకోవాలి. సరిచూడవచ్చంటే ఆట నెమ్మదిస్తుంది. కూడదంటే అంచనా కూడా ఒక నైపుణ్యమవుతుంది.

v. ఒక్కో రేఖను నిర్ణయించడానికి పట్టే సమయాన్ని గమనించాలి. ఒక్కో జవాబుకు అర నిమిషం పట్టినా, ఎత్తుకు 10 సార్లు కాల్పులు జరిగే ఆటలో ఒక్క ఎత్తుకే ఐదు నిమిషాలు దృష్టిరేఖకు ఖర్చవుతాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. గడి ఆకృతి ఏదైనా దూరాన్ని కొంత వక్రీకరించక తప్పదు. షడ్భుజి గడి గొప్పతనం దూరపు కచ్చితత్వంలో కంటే సాన్నిహిత్యపు స్పష్టతలో ఉంది. ఆ స్పష్టతను ఇటుక వరుస గళ్ళతో సులభంగా సాధించవచ్చు. దృష్టిరేఖ నియమానికి కచ్చితత్వంకన్నా సౌష్ఠవం ముఖ్యం. కాస్త మొరటుగా ఉన్నా రెండు కొసల నుండి ఒకే జవాబిచ్చే నియమం, సూక్ష్మంగా ఉండి రెండు జవాబులిచ్చే నియమం కంటే మేలైనది. చూపు నియమాన్ని గడి ప్రమాణం నుండి, ఎత్తుల క్రమం నుండి వేరుచేసి రాయడం కుదరదు.

ప్రష్యా మధ్యవర్తి తన అనుభవంతో ఇచ్చిన తీర్పును ఇంటి ఆటలో ఒక వాక్యం ఇవ్వవలసి వస్తుంది. ఓడిపోతున్న పక్షం కూడా చదివి ఒప్పుకోగలిగినప్పుడే ఆ వాక్యం మధ్యవర్తి స్థానానికి అర్హత పొందుతుంది. నియమరచనలో పెట్టే శ్రమకు సార్థకత అక్కడే లభిస్తుంది.